గీత యొద్ద పడినవారు

ధ్యానభాగము: హెబ్రీయులకు 12వ అధ్యాయము, 1, 13 వచనములు



గడచిన కోతపండుగనాడు దుమ్ముగూడెములో మన గుడియెదుట జరిగినదానిని మీలో కొందరు కన్నులార చూచితిరి. దూరపు గ్రామములవారు విని యుందురు. యువజనుల సైకిలు పందెములో ఇద్దరు పిల్లలు అందరికంటె ముందుగా వచ్చుచుండిరి. గీత ఇంక ముప్పది గజములున్నదనగా ఒకడు ప్రక్కకు జరిగెను; రెండవవానికి దారి లేకపోయెను. అతడు త్రాడు త్రెంచుకొని పోయి గేటు స్తంభమునకు కొట్టుకొనెను. భుజపుటెముక విరిగెను. పందెపు మేకపోతు చింతచెట్టు క్రింద కట్టివేయబడి అరచుచునే యుండెను గాని దానిని ఎవరును తోలుకొని పోలేదు.

ఆ పిల్లవాడు మిరపకోత కాలమంతయు ఇంటి అరుగుమీద కూర్చుండెను. అతడు సిద్ధపడుచున్న ఉద్యోగపు పరుగు పరీక్షయు తప్పిపోయెను. ఇద్దరును వావికి మేనబావలు. వారి తల్లులు ఒకరినొకరు వదినా యని పిలుచుకొనుచు, ఒకే బావినీళ్లు తోడుకొనినవారు. నాటినుండి వారిలో ఒక కుటుంబము ఉదయపు ఆరాధనకు వచ్చిన యెడల రెండవ కుటుంబము రాదు. ప్రభువు బల్లయొద్దకైతే రెండు కుటుంబములును రాలేదు. ఈ సంగతి మా హృదయములో ముల్లువలె నున్నది. కాబట్టి ఈ నెల వేరొక అంశమును వ్రాయుటకు మాకు చేయి ఆడలేదు.

మన యువజనులు కొందరు మమ్మును ఓదార్చవలెనని, పెద్ద దేశముల సైకిలు పందెములలోను ఇట్టివి జరుగునని చెప్పి, సెల్‌ఫోనులో కొన్నిటిని చూపిరి. మొదట మేము ఇష్టము లేకయే చూచితిమి. తరువాత వారిని అడిగి మరల మరల చూచితిమి, చదివితిమి. అందులో దేవుడు మాకు చూపిన నాలుగు సంగతులను మీ యెదుట పెట్టుచున్నాము. అపొస్తలుడైన పౌలు తన కాలపు పరుగు పందెములను చూచి పాఠము చెప్పగా, మనము మన కాలపు పందెములను చూచి నేర్చుకొనుట తప్పు కాదు.

ముందుగా ఆ పందెము ఎట్టిదో తెలిసికొందము. ఫ్రాన్సు దేశములో 1903లో ప్రారంభమైన పందెము అన్నిటిలో పేరుపొందినది. అది ఒక్కనాటిది కాదు. 21 దినముల పందెము. అన్నియు కలిపి దాదాపు 3,400 కిలోమీటర్లు. జట్టునకు ఎనిమిదిమంది. సమభూమిగల దినములలో వారు 180, 200 కిలోమీటర్లు త్రొక్కుదురు. భద్రాచలమునుండి ఖమ్మము పోయి, తిరిగి సగము దారి వచ్చినంత దూరమనుకొనుడి. రమారమి నూట డెబ్బదిమంది ఒకే గుంపుగా, ఒకని వెనుక చక్రమునకు మరియొకని ముందు చక్రము జానెడు దూరములో నుండునట్లు పోవుదురు.

ఏల అంత దగ్గరగా పోవలెను? గాలినిబట్టి. ముందు పోవువాడు గాలిని చీల్చును. వెనుకవాడు ఆ చాటున పోయి తన బలమును మిగుల్చుకొనును. సాయంకాలము గోదావరిమీద కొంగలు బారు కట్టి పోవుట చూచియున్నారు గదా. జట్టులో వేగముగలవానిని ఇట్లు చాటున ఉంచి, తోటివారు వంతులవారీగా గాలికి ఎదురు నిలిచి, గీత సమీపమునకు తెచ్చుదురు. చిట్టచివరి సహాయకుడు తన బలమంతయు వెచ్చించి, రెండు వందల గజములున్నదనగా ప్రక్కకు తొలగును. అప్పుడు దాచబడినవాడు ఒక్కుమ్మడిగా లేచి త్రొక్కును. 2021లో ఇంగ్లీషువారి ప్రక్క దీవియైన మాన్ ద్వీపపు మార్క్ కావెండిష్ ఫ్రాన్సు పందెములో నాలుగు దినములు గెలిచినప్పుడు, అతనిని గీత దగ్గరకు తెచ్చినవాడు డెన్మార్కుకు చెందిన మైకెల్ మోర్కోవ్. గెలుపు పటములో చేతులెత్తినవాడు కావెండిషే. అయితే గాలిని మోసినవాడు వేరొకడు. బాప్తిస్మమిచ్చు యోహాను చేసిన పని అట్టిదే గదా! తాను తగ్గి, వచ్చువానిని హెచ్చించెను. మన సంఘములలోను పేరు లేక గాలికి ఎదురు నిలుచు తల్లులు, బల్లలు తుడుచువారు, దీపము వెలిగించువారు కలరు. ప్రభువు వారిని ఎరుగును.

ఆ చివరి పరుగులో వేగము గంటకు 60, 70 కిలోమీటర్లు. మన పల్లెవెలుగు బస్సు మంచి తారురోడ్డుమీద పోవునంత వేగము. మీదనున్నది పలుచని చొక్కా ఒక్కటి. క్రిందనున్నవి రెండు వ్రేళ్ల వెడల్పు లేని టైర్లు. అక్కడ ఒకడు తప్పిన యెడల పదిమంది కూలుదురు. అందుచేతనే ఇరువది దినముల శ్రమ గీతయెదుట రెప్పపాటులో నేలపాలగుట కలదు.

మొదటి సంగతి: చూపు.

1991వ సంవత్సరము జూలై 28వ తేదీన ఆ పందెము చివరి దినమున, పారిసు నగరపు రాజవీధిలో, తాష్కెంటు పట్టణమువాడైన జమోలిదిన్ అబ్దుజాపరోవ్ అనువాడు గీతకు పరుగు తీయుచుండెను. చివరి పరుగులలో ఎక్కువ గుణములు పొందినవానికి ఇచ్చు ఆకుపచ్చ చొక్కా అప్పటికే అతని ఒంటిమీద నున్నది. అతడు తల వంచుకొని త్రొక్కెను. బలము కొరత కాలేదు, వేగము కొరత కాలేదు. చూపు మాత్రము నేలమీద నున్నది. రోడ్డు ప్రక్కనున్న కంచె కాలికి చక్రము తగులగా అతడు గాలిలోనికి ఎగిరి పడెను. భుజపుటెముక విరిగెను.

2004లో ఇటలీ దేశపు మిలాను నుండి సాన్ రెమో వరకు జరుగు పందెములో మరియొక విధముగా జరిగెను. జర్మనీవాడైన ఎరిక్ జాబెల్ ఆ పందెమును అంతకుముందు నాలుగుమార్లు గెలిచినవాడు. ఆ దినమునను గెలిచితిననుకొని, గీత దాటకమునుపే చేతులు పైకెత్తెను. ఆ క్షణములో స్పెయిను దేశపు ఆస్కార్ ఫ్రెయిరె తన చక్రమును ముందుకు నెట్టి గీత దాటెను. జాబెల్ చేతులు ఇంకను పైననే యున్నవి, బహుమానము వేరొకనిదాయెను.

ఒకడు తన కాళ్లనే చూచుకొని పడెను. ఒకడు జనుల చప్పట్లను ముందే ఆశించి ఓడెను. ప్రియులారా, ఈ రెండు జబ్బులును మనలో లేవా? కొందరము మన పని, మన అప్పు, మన మిరపతోట అని తల వంచుకొని త్రొక్కుచు, ఎదుట ఏమున్నదో చూడము. కొందరము ముప్పది యేండ్ల క్రిందట బాప్తిస్మము పొందితిమి గదా, సంఘపెద్దలమైతిమి గదా యని గీతకు ముందే చేతులెత్తుదుము. ఫిలిప్పీయులకు వ్రాయుచు పౌలు, తాను ఇంకను పట్టుకొనలేదనియు, ముందున్నదానికొరకు చేయి చాచుచున్నాననియు చెప్పెను (ఫిలిప్పీ 3:12-14). అంతటి భక్తుడే చేతులు దింపి త్రొక్కుచుండగా మనము ఎత్తుట ఏల? హెబ్రీ పత్రిక కన్నులను ఎక్కడ నిలుపవలెనో చెప్పుచున్నది: తన కాళ్లమీద కాదు, ప్రక్కవానిమీద కాదు, మనకంటె ముందు పరుగెత్తి సిలువను ఓర్చిన యేసుమీద.

రెండవ సంగతి: తన దారిని విడుచుట.

2020 ఆగస్టు 5వ తేదీన పోలండు దేశపు పందెము మొదటి దినమున, కాటొవిట్సే అను పట్టణములో, నెదర్లాండ్సు దేశపువారే యైన ఇద్దరు గీతకు వచ్చుచుండిరి. ఒకడు డిలన్ గ్రూనెవేగెన్, రెండవవాడు ఫాబియో యాకొబ్సన్. దారి దిగుడుగా నుండుటచేత వేగము గంటకు 80 కిలోమీటర్లు మించెను. వెనుకనుండి యాకొబ్సన్ కుడిప్రక్కగా ముందుకు వచ్చుచుండగా, గ్రూనెవేగెన్ తన దారిని విడిచి కుడికి జరిగెను. ఇంకను జరిగెను. యాకొబ్సన్‌కు కంచె తప్ప దారి లేకపోయెను. అతడు కంచెమీద పడగా ఆ కంచెలు ఊడి చెల్లాచెదరయ్యెను. గ్రూనెవేగెన్ ముందుగా గీత దాటెను, తానును పడి భుజపుటెముక విరుగగొట్టుకొనెను. అతని గెలుపు కొట్టివేయబడెను.

ఆ పందెములకు ఒక నియమము కలదు. చివరి పరుగు తీయ మొదలుపెట్టినప్పుడు ఏ దారిని పట్టెనో ఆ దారినే పోవలెను. ఇతరులకు అపాయము కలుగునట్లు ప్రక్కకు జరుగరాదు. నియమము తప్పి పోరాడినవానికి కిరీటము లేదని పౌలు తిమోతికి వ్రాసినది (2 తిమోతి 2:5) ఇప్పటి పందెగాండ్రకును చెల్లుచున్నది. అంతర్జాతీయ సైకిలు సమాఖ్య గ్రూనెవేగెన్‌ను తొమ్మిది నెలలు పందెములనుండి తొలగించెను. అతడును తాను దారి విడిచినట్లు ఒప్పుకొనెను.

యాకొబ్సన్ సంగతి వినుడి. అతని జట్టువాడైన ఫ్లోరియన్ సెనెషాల్ తన సైకిలు విడిచి అతని యొద్దకు పరుగెత్తి, రక్తముచేత ఊపిరాడని అతని తలను ఎత్తి పట్టుకొనెను. వైద్యులు అతనిని రెండు దినములు మత్తునిద్రలో నుంచిరి. ముఖమునకు 130 కుట్లు పడెను, పళ్లు ఊడిపోయెను, దవడ ఎముక పోయెను. బ్రతుకుట దేవుని కృప.

ఒక్క గజము ప్రక్కకు జరిగినందున ఇంత జరిగెను. అతడు చంపవలెనని జరిగెనా? కాదు. గెలువవలెనని జరిగెను. మన పొలముల గట్లమీద, పంచాయితీలలో, అన్నదమ్ముల పంపకములలో మనము జరుగునది ఎంత? ఒక్క గజమే గదా! నాగలి ఒక్క చాలు ప్రక్కకు జరుగును. మాట ఒక్కటి అటు జరుగును. చెడు చేయవలెనని కాదు, మనము ముందుండవలెనని. కాని ప్రక్కనున్నవానికి కంచె తప్ప దారి లేదను సంగతి మనము చూడము. చూడకుండుట పాపము కాదని ఎవరును అనుకొనకుడి.

మూడవ సంగతి: గీత గీసినవారు.

ఇక్కడ మా చేయి వణకుచున్నది. అయినను వ్రాయవలెను.

కాటొవిట్సేలో పడిన తరువాత లోకమంతయు గ్రూనెవేగెన్‌ను తిట్టెను. అతనిని చంపుదుమని బెదిరించిరి. అతని ఇంటికి పోలీసులు కాపలా ఉండవలసి వచ్చెను. అయితే పందెగాండ్రలో అనేకులు వేరొక ప్రశ్న అడిగిరి: దిగుడులో గీత గీసినది ఎవరు? ఊడిపోవు కంచెలు పెట్టినది ఎవరు? ఆ దిగుడు అపాయకరమని అంతకుముందు సంవత్సరములలోను పందెగాండ్రు చెప్పియుండిరి. వేగముగా వచ్చువారిని చూచుట జనులకు ఇంపుగా నుండును గనుక గీత అక్కడనే యుండెను. ఆ మరుసటి సంవత్సరము సమాఖ్యవారు కంచెల విషయమును, దారుల విషయమును కట్టుదిట్టములు చేయ మొదలుపెట్టిరి. ఎప్పుడును ఇంతే. 2003 మార్చిలో కజకిస్తాను దేశపు ఆంద్రేయ్ కివిలెవ్ పందెములో పడి తలకు దెబ్బ తగిలి చనిపోయిన తరువాతనే ఆ యేడు అందరును తప్పక తలకాపు ధరించవలెనను చట్టము వచ్చెను. చట్టము రక్తము వెనుక నడచి వచ్చును.

1994లో ఫ్రాన్సు పందెపు మొదటి దినములలో ఆర్మంతియేరు అను ఊరిలో ఇంకొకటి జరిగెను. జనులను వెనుకకు ఆపుటకు నిలువబెట్టబడిన పోలీసు ఒకడు, పందెగాండ్రు గీతకు వచ్చుచుండగా పటము తీయవలెనని కొంచెము ముందుకు వంగెను. బెల్జియమువాడైన నెలిసెన్ వచ్చి అతనికి కొట్టుకొనెను. ఫ్రాన్సువాడైన జలాబేర్ కూడ పడి ముఖము చిదుగగొట్టుకొనెను. కావలివాడు వేడుక చూచువాడైన యెడల జరుగునది అది.

ఇప్పుడు మా సంగతి. కోతపండుగ పందెమునకు గీత ఎక్కడ గీయవలెనని యువజనులు మమ్మును అడిగిరి. బడి ఆవరణ చదునుగా నున్నదని ఒక పెద్ద చెప్పెను. మేము ఒప్పుకొనలేదు. గట్టు దిగి గుడి గేటు యొద్దకు వచ్చిన యెడల జనులందరు మెట్లమీద కూర్చుండి చూతురు, కానుక పెట్టెయు దగ్గరగా నుండునని మేమే చెప్పి, సుద్దతో మా చేతితోనే గీత గీసితిమి. త్రాడు వెనుక గేటు స్తంభమున్నదని చూచితిమి. చూచి, ఏమగునులే యనుకొంటిమి. పిల్లలు దిగుచున్నప్పుడు మేము మెట్లమీద నిలిచి చప్పట్లు కొట్టుచుంటిమి.

తరువాత నాలుగు నెలలు మేము ఏమి చేసితిమి? తోసిన పిల్లవాని యింటికి పోయి క్షమాపణ అడుగుమంటిమి. పడిన పిల్లవాని యింటికి పోయి క్షమించుమంటిమి. మత్తయి సువార్త అయిదవ అధ్యాయము చదివితిమి, ప్రార్థన చేసితిమి, టీ త్రాగి వచ్చితిమి. ఒకనాడు పడిన పిల్లవాని నాయనమ్మ గడప దగ్గర కూర్చుండి చింతపండు గింజ తీయుచు, తల ఎత్తకయే మమ్మును ఇట్లడిగెను: “అయ్యగారూ, వాడు తోసిండు, సరే. మరి ఆ పల్లంల గీత గీసిందెవరయ్యా?”

మాకు జవాబు రాలేదు. సైకిలు ఎక్కి వచ్చితిమి. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయము 8వ వచనమును మీరు తీసి చదువుడి. క్రొత్త ఇల్లు కట్టినవాడు డాబా చుట్టు పిట్టగోడ కట్టవలెనని దేవుడు మోషే ద్వారా ఆజ్ఞాపించెను. కట్టని యెడల, పైనుండి ఎవడైనను పడి చనిపోయినచో ఆ రక్తము ఇంటివానిమీదనే యుండును. పడినవాడు చూచుకొనకపోవచ్చును, ప్రక్కవాడు తోసియుండవచ్చును. అయినను దేవుడు ఇంటివానిని అడుగును: గోడ ఏది? ఈ వచనమును మేము సెమినరీలో చదివితిమి, పరీక్షలో వ్రాసితిమి. మా గుడి గేటుమీద దానిని చదువుకొనుటకు ఇన్ని యేండ్లు పట్టెను.

తండ్రులారా, తల్లులారా, ఇది మీకును కలదు. ఇద్దరు కొడుకులలో ఎవడు ముందో చూతమని మార్కులనుబట్టి పోటీ పెట్టినది మీరే. ఇద్దరు కోడండ్రను ఒకరితో ఒకరిని పోల్చినది మీరే. వారు కొట్టుకొని పడినప్పుడు, తోసినది నీవే యని ఒకనిని అందుము. గీతను దిగుడులో గీసిన చేయి మనది. హెబ్రీ పత్రిక పరుగెత్తుమని చెప్పి ఊరకుండలేదు. పదమూడవ వచనములో, కుంటువాని కాలు ఇంకను బెణకక బాగుపడునట్లు త్రోవలను చదును చేయుడని మనకు పని చెప్పుచున్నది. పరుగెత్తుట పిల్లల పని. చదును చేయుట పెద్దల పని.

నాలుగవ సంగతి: పడినవానికి కృప.

ఆ పెద్ద పందెములలో మరియొక నియమమున్నదని తెలిసినప్పుడు మా మనస్సు కరగెను. సమభూమిగల దినములలో, గీతకు మూడు కిలోమీటర్ల లోపల ఒకడు ప్రమాదమున పడిన యెడల, అతడు కుంటుచు ఎంత ఆలస్యముగా వచ్చినను, పడకముందు ఏ గుంపులో నుండెనో ఆ గుంపునకు వచ్చిన కాలమే అతనికి లెక్క వ్రాయుదురు. పూర్వము ఒక్క కిలోమీటరు మాత్రమే యుండెను. 2005లో మూడు చేసిరి. పడిన కాలము అతనిమీద మోపబడదు. లోకపు పందెము నియమముల పుస్తకములోనే ఇంత కృప యున్న యెడల, జీవగ్రంథములో ఎంత యుండును! అయితే పడినచోట పండుకొని యుండరాదు. లేవగలవాడు లేచి గీతను దాటవలెను.

పారిసులో పడిన అబ్దుజాపరోవ్‌ను తలంచుడి. అతడు లేచి, ఇతరులు ఆసరాగా ఉండగా, విరిగిన ఎముకతో నడచియే గీత దాటెను. ఆకుపచ్చ చొక్కా అతనిదే యాయెను. కావెండిష్ 2023 జూలై 8న ఫ్రాన్సు పందెములో పడి భుజపుటెముక విరుగగొట్టుకొని ఇంటికి పోయెను. ఆ యేడే మానుకొందునని చెప్పినవాడు మరల వచ్చి, 2024 జూలై 3న, తన 39వ యేట, ముప్పది అయిదవ దినము గెలిచి, ఎడ్డీ మెర్క్స్ అను బెల్జియము వీరుని 34 గెలుపుల లెక్కను దాటెను. పడుట కథకు ముగింపు కాదు.

యాకొబ్సన్ ఏమాయెను? తుంటి ఎముకనుండి ముక్క తీసి దవడ బాగుచేసిరి. 2021 ఏప్రిలులో అతడు మరల పందెమునకు వచ్చెను. ఆ యేడే స్పెయిను దేశపు పెద్ద పందెములో మూడు దినములు గెలిచెను. గ్రూనెవేగెన్ తన శిక్ష ముగించి మే నెలలో వచ్చెను. 2022లో ఫ్రాన్సు పందెము డెన్మార్కు దేశములో ప్రారంభమైనప్పుడు, జూలై 2న న్యూబోరు పట్టణములో యాకొబ్సన్ గెలిచెను. మరునాడే, జూలై 3న, సెండర్‌బోరులో గ్రూనెవేగెన్ గెలిచెను. పడినవాడు ఒకనాడు, పడద్రోసినవాడు మరునాడు. ఒకే పందెములో ఇద్దరికిని చోటు దొరకెను.

అయితే మీకు అబద్ధము చెప్పము. వారిద్దరు కౌగిలించుకొని స్నేహితులైరని మేము చెప్పజాలము. 2021లో కలిసికొని మాటలాడిరి గాని, తరువాత క్షమాపణ విషయమై ఇద్దరి మాటయు ఒకటిగా లేకపోయెను. యాకొబ్సన్ అను పేరునకు యాకోబు కుమారుడని అర్థము. మన యాకోబు ఏశావును ఇరువది యేండ్ల తరువాత కలిసికొనినప్పుడు, తప్పు చేసిన యాకోబు ఏడుమార్లు సాగిలపడుచు కుంటుచు వచ్చెను. నష్టపోయిన ఏశావు ఎదురుపరుగెత్తి మెడమీద పడి ఏడ్చెను (ఆదికాండము 33:3, 4). లోకపు పందెములో చోటు దొరకుట నియమమువలన కలుగును. ఎదురుపరుగెత్తి కౌగిలించుకొనుట నియమమువలన కలుగదు. అది పైనుండి రావలెను. అంతవరకు పందెములు చేయగలవు. దాని తరువాతి ముప్పది గజములు సంఘము నడువవలెను.

మన ఊరి చరిత్రలోను గీత దాటని పని ఒకటి కలదు. గోదావరిలో పడవలు పైకి పోవునట్లు చేయవలెనని వంద యేండ్లకు పైబడి క్రిందట హెయిగ్ దొరగారు మొదలైనవారు దుమ్ముగూడెము ఆనకట్ట కట్టించిరి. 1871లో ప్రభుత్వము ఆ పడవదారి పనిని ఆపివేసెను. అయితే ఆ పనికి వచ్చినవారి ప్రార్థనవలన, ప్రయత్నమువలన ఇచ్చట ప్రారంభమైన సి.ఎం.ఎస్. మిషను నిలిచెను; మన గుడి దాని ఫలమే. మనుష్యులు గీసిన గీత ఆగిపోయినచోట దేవుడు తన గీతను ఇంక ముందుకు గీయును. కాబట్టి మేము నిరాశపడుట లేదు.

ఇప్పుడు మేము చేయదలచినది చెప్పుచున్నాము. రాబోవు సంస్కారపు ఆదివారమున, సాధారణ ఒప్పుకోలు చదువకముందు, గీతను గీసిన మా తప్పును సంఘమంతటి యెదుట ఒప్పుకొందుము. ఆ రెండు కుటుంబములను పేరు పెట్టి పిలువము. ఎవరిని ముందు రమ్మనము. మేమే బల్లను విడిచి మెట్లు దిగి, గేటు యొద్ద నిలిచియుందుము. ఆ నాయనమ్మకు ఈ మాట ముందుగానే చెప్పితిమి. ఆమె చింతపండు ప్రక్కకు పెట్టి, “మోకాళ్ల నొప్పులయ్యా, అయినా వస్త” ననెను. ఇంక ఎవరు వచ్చెదరో మాకు తెలియదు. వైద్యఖర్చులో మిగిలియున్నదానికి మా జీతమునుండి నెల నెల ఇచ్చుటకును ఏర్పాటు చేసికొంటిమి. ఇది దానము కాదు, పిట్టగోడ కూలి.

ఈ యేటి కోతపండుగకు పందెము మానవలదని పెద్దలకు మనవి చేసితిమి. పిల్లలు పరుగెత్తవలసినదే. అయితే గీత బడి ఆవరణలో, చదునుగానున్నచోట గీయబడును. వెదురు కంచె రెండు ప్రక్కల గట్టిగా కట్టబడును. ఎవడు ఏ దారి పట్టెనో ఆ దారినే రావలెనని ముందుగా చెప్పబడును. చప్పట్లు కొట్టుటకు వచ్చువారు చాలామంది యుందురు. కంచె దగ్గర నిలుచుటకు పదిమంది కావలెను. వారిలో మొదటి పేరు మాదిగా వ్రాసికొనుడి.

మీ గ్రామములోను ఇట్టి గీత ఒకటి ఎక్కడో గీయబడియుండును. ఈ పత్రికను మడిచి పెట్టకముందు, అది ఎవరు గీసిరో ఒక్క నిమిషము ఆలోచించుడి. ఆ దారిని చదును చేయుటకు మీ యింట పార లేదా?

ప్రార్థన: పరుగులో మాకంటె ముందు పోయిన ప్రభువా, మా కన్నులను నీమీద నిలుపుము. ప్రక్కవాని దారిని మేము దొంగిలించిన యెడల మాకు చూపుము. మేము గీసిన వంకర గీతలను చెరిపివేయుము. పడినవారిని లేవనెత్తుము, పడద్రోసినవారిని వెలివేయకుము. నీ బల్లయొద్ద ఖాళీగానున్న చోట్లను నీవే నింపుము. యేసు నామమున అడుగుచున్నాము. ఆమేన్.